మూడో వరస తల్లికుండీ

మీటరు 61,250. సోమవారం.

ఈ పుస్తకంలో ఇంజన్ సంగతులు తప్ప ఇంకేమీ రాయకూడదని అట్ట లోపల అచ్చువేసి ఉంది. ఆ మాట అచ్చువేయించినవాళ్లు ఏనాడూ ఇంజన్ పక్కన కూర్చుని ఉండరు. ఇంజన్లు వాటంతట అవి చెడిపోవు. వాటిని చెడగొట్టే మనుషుల గురించి రాయకపోతే నేను రాయడానికి ఏమీ ఉండదు.

నూనె మార్చాను. ఉప్పునీళ్లని మంచినీళ్లు చేసే మా ఒంటి సిలిండర్ ముసలిది పొద్దున్నుంచీ నడిచి వేడిగా ఉండగానే అడుగు బిరడా విప్పాను. రెండు లీటర్ల చిల్లర దిగింది. చల్లారాక విప్పితే మడ్డి లోపలే ఉండిపోతుందని ముప్ఫై ఏళ్లుగా చెబుతున్నాను. ఎదురింటి సుభాషిణి మాత్రం ఇవాళ కూడా భోంచేసి, కునుకు తీసి, ఇంజన్ మంచులా అయ్యాక తీరిగ్గా విప్పింది. అదేమంటే "చెయ్యి కాల్తాదండీ తాయారమ్మగారూ" అంటుంది. చెయ్యి కాలకుండా ఇంజన్ నడపాలంటే దాన్ని గోడకి బొమ్మలా తగిలించుకోవాలి.

పాతనూనె పొడుగు డబ్బాలో పోసి మూతపెట్టాను. నలభై రోజులు కదపకూడదు. తర్వాత పైన తేరిన తేటని నూలుగుడ్డలో రెండుసార్లు వడకట్టి, సన్న సెగ మీద చిటపటలు ఆగేదాకా కాస్తే గొలుసులకీ, కప్పీలకీ, తలుపు బందులకీ పనికొస్తుంది. అడుగున మిగిలిన మడ్డి కుండీలోకి పోతుంది. కుండీలో ఉండే బురద ఆ మడ్డిని తిని మన్ను చేస్తుంది. ఆ మన్నులో మా తోటకూర పెరుగుతుంది. ఒకప్పుడు సముద్రంలోంచి చమురు తోడిన ఇనుప మెట్ట ఇది. నాలుగు కాళ్ల మీద నీళ్ల మధ్య నిలబడి ఉంది. గుప్పెడు మన్ను కావాలన్నా మేమే తయారు చేసుకోవాలి. కింద చేపల బోనులున్నాయి కాబట్టి చుక్క నూనె కూడా సముద్రంలో పడకూడదు. కాబట్టి ఎవరింటి పాతనూనె వాళ్లింట్లోనే తెమలాలి. ఇదీ చట్టం.

అధికారులుండే పెద్దమెట్ట నుంచి కాగితం వచ్చింది. నలభై రెండు రోజుల్లో తనిఖీ. పోయినసారి మా వరస మడులు పాలిపోయాయని రాసుకెళ్లారు. ఈసారి కూడా అలాగే ఉంటే వరస ఖాళీ చేయిస్తారు. నాలుగో వరసని అలాగే ఖాళీ చేయించి, పన్నెండు కుటుంబాల్ని ఏడు మెట్టల మీదికి విసిరేశారు. భార్యాభర్తల్నీ, తల్లీపిల్లల్నీ కలిపే పంపుతారు. తోడికోడళ్లకి వాళ్ల ఫారంలో గడి లేదు.

మా ఇంట్లో ఉన్నది తోడికోడళ్లమే. నేనూ, మా మరిది భార్య వరహాలూ. అన్నదమ్ములిద్దరినీ ఒకే తుపాను మింగింది. అప్పటినుంచి ఇరవై రెండేళ్లుగా ఒకే కప్పు కింద ఉన్నాం. ఈ ఇరవై రెండేళ్లలో మేం పోట్లాడుకోని రోజులు లెక్కపెడితే చేతి వేళ్లు మిగిలిపోతాయి.

మీటరు 61,266. బుధవారం.

తోటకూర ఇంకా పాలిపోయింది. ఆకు చివర్లు నల్లగా ముడుచుకుంటున్నాయి.

తప్పు ఎవరిదో తేల్చాలని వరసంతా తిరిగాను. మా వరసకి పన్నెండు ఇళ్లు, పన్నెండు ఇంజన్లు, పన్నెండు కుండీలు. ఈ కుండీల్లో బురద ఎక్కడిదంటే నా తల్లికుండీది. ప్రయోగశాల ఓడ మొదట్లో వరసకొక్క గాజుసీసా తోడు ఇచ్చింది. మూడో వరస సీసా మా అత్తగారి చేతికి వచ్చింది, ఆవిడ తర్వాత నా చేతికి. ఆ ఓడ రావడం మానేసి పదకొండేళ్లయింది. కాబట్టి తోడు పోతే పోయినట్టే. అందుకే నేనొక పద్ధతి పెట్టాను. ఏటా ఉగాదికి అన్ని ఇళ్లవాళ్లూ తమ కుండీలు కడిగేసి, నా దగ్గర కొత్త తోడు పట్టుకెళ్లాలి. ఎవరి కుండీ వాళ్లకి వదిలేస్తే వీళ్లు దాన్ని ఏం చేస్తారో నాకు తెలుసు. శుక్రవారం ఇవ్వను, మంగళవారం ఇవ్వను, ఏ రోజైనా దీపం పెట్టాక ఇవ్వను. పెరుగు తోడుకి పాటించే పద్ధతే మా అత్తగారు దీనికీ పాటించారు, నేనూ అంతే.

ఇవాళ చూసిన ఘనకార్యాలు రాస్తాను. సుభాషిణి తన కుక్కకి గజ్జి పట్టిందని పాతనూనె రాసింది. కుక్క నాకి నాకి మూడు రోజులుగా కక్కుతోంది. "మా అమ్మమ్మ కాలం నుంచీ రాసేవోళ్లమండీ" అంది. వాళ్ల అమ్మమ్మ కాలంలో కుక్కలు ఎన్నాళ్లు బతికాయో కనుక్కుని చెప్పమన్నాను. ఆ పక్కింటి చక్రధరం దోమలు పోతాయని చిప్పలో పాతనూనె పోసి వత్తి వెలిగించాడు. దోమలు హాయిగా ఉన్నాయి. వరసలో ఆరేసిన బట్టలన్నీ మసిబారాయి. ఇంకొకాయన మెట్ల మీద తుప్పు పట్టకుండా పూసి, ఆ మెట్ల మీద తనే జారి, నడుం పట్టుకుని కూర్చున్నాడు.

వీళ్లా నా మడుల్ని బాగుచేసేది? అందరినీ శుభ్రంగా తిట్టి వచ్చాను. వరహాలు అన్నం పెడుతూ, "ఎందుకక్కా ఊరందరితోటీ గొడవ" అంది. దీనికి మడులంటే ఏమీ పట్టదు.

మీటరు 61,298. ఆదివారం.

వరస చివరింటి నూకరాజు దగ్గరికి వెళ్లాను. వెళ్లడం అంటే గుమ్మం బయట నిలబడడం. అతని తలుపు మీద ఎర్ర గుర్తుంది. రెండు తనిఖీల నుంచీ ఉంది.

తనిఖీకి వచ్చే శశిధర్‌ని మేమంతా కొలబద్ద అంటాం. ఆయన పరీక్ష ఇంతే: కుండీలో బద్ద ముంచి పైకెత్తి పది లెక్కపెడతాడు. పది లోపల బురద కారిపోతే ఎర్ర గుర్తు. ఎర్ర గుర్తు పడ్డ ఇంటి బురద ఎవరూ తీసుకోకూడదు, ఉమ్మడి మడుల్లో కలపకూడదు. నూకరాజు బురద మజ్జిగలా కారుతుంది. అతని పని వలలు బాగుచేయడం, బహుశా బురదని కూడా వలలోంచి వడకడతాడేమో.

అతనికీ నాకూ రెండేళ్లుగా మాటల్లేవు. ఉగాది తోడు పట్టుకెళ్లిన పది రోజులకి, సరిగ్గా శుక్రవారం, నేను దీపం పెట్టి లేస్తుంటే డబ్బా పట్టుకుని వచ్చాడు. "మీరిచ్చింది తినట్లేదండీ. ఇంకోపాలి ఇవ్వండి" అన్నాడు. శుక్రవారం పూట దీపాలవేళ తోడు అడగడమే ఒక తప్పు. నా తల్లికుండీకి వంక పెట్టడం ఇంకో తప్పు. ముఖం మీదే తలుపు వేశాను. మళ్లీ రాలేదు. అప్పటినుంచి అతని బురద పలచబడింది, ఎర్ర గుర్తు పడింది. నా మాట వినని ఇల్లు ఎలా ఉంటుందో చూపించడానికి వరసలో ఒకటి ఉండడం మంచిదే అనుకున్నాను.

ఇవాళ బయట నుంచే అడిగాను, నీ కుండీ మురుగు ఉమ్మడి మడుల వైపు పోనిస్తున్నావా అని.

"లేదండి. నా మురుగు నాకే చాలట్లేదండి" అన్నాడు వల మీంచి తల ఎత్తకుండా.

ఇదేం జవాబో నాకు అర్థం కాలేదు. పొగరు మాత్రం అర్థమైంది.

మీటరు 61,322. బుధవారం.

తోటకూర పోయింది. గోంగూర కాడలు నేలకి వాలిపోయాయి. మడిలో వేలు పెట్టి తీస్తే వేలు జిడ్డు.

బురద నూనెని తినేస్తే మన్ను జిడ్డుగా ఉండదు. కాబట్టి ఎవరో తినని బురద మడుల్లో కలిపారు. ఎవరో పట్టుకోవడానికి మా అత్తగారి నాటి పరీక్ష బయటికి తీశాను. తెల్ల గిన్నెలో మంచినీళ్లు పోసి, కుండీలో బురద చిటికెడు తీసి వదలాలి. బురద నూనెని తినేసి ఉంటే మట్టి మట్టిలా అడుక్కి పోతుంది. తినకపోతే నీళ్ల మీద రంగులు తేలతాయి. నేనీ పరీక్ష చేసి చాలా ఏళ్లయింది. నా బురద ఎలాంటిదో నాకు తెలిసినప్పుడు గిన్నెతో పనేముంది?

ముందు సుభాషిణి ఇంటికే వెళ్లాను. రంగులు తేలాయి. "చూశావా" అన్నాను. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. చక్రధరం ఇంట్లో రంగులు. మెట్ల మీద జారినాయన ఇంట్లో రంగులు. అలా పదిళ్లు తిరిగాను, పదిళ్లలోనూ రంగులే. నూకరాజు ఇంటికి వెళ్లలేదు, అక్కడ చూడడానికేముందని. పదిమంది వెధవాయిలు ఒకే తప్పు ఎలా చేశారా అని నాకు ఆశ్చర్యం వేసింది. చివరికి, వీళ్లకి బురదంటే ఎలా ఉండాలో చూపించాలని అందరినీ వెంటబెట్టుకుని మా ఇంటికి తీసుకొచ్చాను. తల్లికుండీ మూత తీశాను. చిక్కగా, నల్లగా, గరిటె నిలబెడితే నిలబడేలా ఉంది. చిటికెడు తీసి గిన్నెలో వేశాను.

రంగులు తేలాయి. గిన్నె అంచుదాకా పాకాయి.

గిన్నెకి జిడ్డు అంటిందన్నాను. కడిగి మళ్లీ వేశాను. నీళ్లలో లోపమన్నాను. ఇంకో ఇంటి నీళ్లు తెప్పించి మళ్లీ వేశాను. మూడోసారికి ఎవరూ నా ముఖం వైపు చూడలేదు. అందరూ ఒక్కొక్కరే జారుకున్నారు. సుభాషిణి మాత్రం గుమ్మంలో ఆగి, "పోన్లెండి తాయారమ్మగారూ, ఏం చేత్తాం" అంది. ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

వెనక్కి తిరిగితే వరహాలు గోడకి ఆనుకుని నిలబడి ఉంది. మొహంలో రక్తం లేదు.

మీటరు 61,330. గురువారం.

పొద్దున ఇంజన్ స్టార్ట్ చేస్తుంటే వరహాలు వచ్చి పక్కన కూర్చుంది. ఇంజన్ చప్పుడులో చెబితే సగమే వినబడుతుందనుకుందేమో. ఇంజన్ ఆపాను.

"అక్కా, నీకు కీళ్లజరం వచ్చినప్పుడు కుండీ సచ్చిపోయింది" అంది.

రెండున్నరేళ్ల కిందటి మాట. ఇరవై రోజులు మంచం దిగలేదు నేను. రోజూ కుండీ కలపమనీ, మూత తీసి గాలి ఆడనివ్వమనీ మంచం మీంచి చెబుతూనే ఉన్నాను.

"నీకు కాపడం పెట్టడం, గంజి కాయడం, నీళ్ల ఇంజన్ సూసుకోడం, అన్నీ నేనేగా. ఐదారు రోజులు మూతే తియ్యలేదు. తీసేసరికి పైన నీళ్లు తేలిపోయి, కుళ్లు కంపు. బుడగ రాటం లేదు. నీతో సెబితే సంపేస్తావని..."

"చెప్పకుండా ఏం చేశావే?"

"తోడు లేనప్పుడు పాలల్లో మిరపకాయ తొడిమెలేసి తోడెడతాం కదా. అట్టాగే తొడిమెలేశాను. కొంచెం సింతపండు కూడా. నీకు కాసిన గంజి మిగిల్తే అదీ పోశాను. రెండ్రోజులకి సక్కగా గట్టిపడింది. పెరుగు తోడుకుంటే ఇదెందుకు తోడుకోదు అనుకున్నాను. నువ్వు లేచాక సూసి మెచ్చుకున్నావు కూడానూ. ఇంక సెప్పడానికి నోరు రాలేదు. పల్చబడినప్పుడల్లా గంజి పోత్తన్నాను."

గంజి! రెండున్నరేళ్లుగా నేను వరసకంతా గంజి పంచిపెట్టాను.

లోపలికి వెళ్లి పాత లాగ్ పుస్తకం తీశాను. ఆ ఇరవై రోజులూ వరహాలు రాత: "ఇంజన్ నడిచింది. అక్క పడుకుంది." రోజూ అదే. తర్వాత మీటరు 53,912 దగ్గర నా రాత: "తల్లికుండీ ఇంత చిక్కగా మునుపెన్నడూ లేదు. వరహాలుకి ఇన్నేళ్లకి చెయ్యి తిరిగింది." అక్షరాలు గుండ్రంగా, గర్వంగా ఉన్నాయి. ఆ తర్వాత రెండు ఉగాదులు వచ్చాయి. మొదటిసారి పదకొండిళ్లవాళ్లూ బతికున్న తమ బురదని నా మాట మీద కడిగి పారేసి, ఈ గంజి పట్టుకెళ్లారు; రెండోసారి నూకరాజు తప్ప అందరూ మళ్లీ పట్టుకెళ్లారు. కడగనంటే తిట్టి మరీ కడిగించాను. పాతమన్ను బలంతో మడులు ఇన్నాళ్లు నెట్టుకొచ్చాయి. ఇప్పుడది కూడా అయిపోయింది.

వరహాలుని ఏమీ అనలేదు. అనడానికి నోట్లో చాలా ఉన్నాయి. కానీ ఇరవై రెండేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్న మనిషి కుండీ చచ్చిపోయిందని చెప్పడానికి నాకు భయపడింది. ఆ భయం దానికి ఎవరు పెట్టారో రాయడానికి ఈ పుస్తకంలో గడి అక్కర్లేదు.

మధ్యాహ్నం అదే అడిగింది, "మనల్ని వేరే వేరే మెట్టలకి పంపేత్తారా అక్కా" అని. పంపరులే అన్నాను. నాకు ఏడుపొచ్చింది. ఇంజన్ పొగ అని చెప్పాను.

మీటరు 61,338. శుక్రవారం.

నిన్నంతా ఆలోచించగా ఒక మాట గుర్తొచ్చింది. నా మురుగు నాకే చాలట్లేదండి. మురుగు చాలకపోవడం ఏమిటి, దాన్ని వాడుతుంటే తప్ప?

పొద్దున్నే గిన్నె పట్టుకుని బయల్దేరాను. శుక్రవారమని గుమ్మం దాటాక గుర్తొచ్చింది. కాళ్లు ఒక్క క్షణం ఆగాయి. ఇంకో రోజు ఆగుదామా అని నిజంగానే అనుకున్నాను, అంత సిగ్గులేని దాన్ని.

నూకరాజు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "ఆయ్, రండి" అన్నాడు. ఈసారి లోపలికి వెళ్లాను. ఆరేసిన వలల వెనక, పగిలిన బకెట్లలో, పాత హెల్మెట్లలో, తెగిన టైరులో పొన్నగంటి కూర, తోటకూర, రెండు వంగమొక్కలు. ఆకులు అరచేయంత ఉన్నాయి. ఉమ్మడి మడుల్లోకి రానివ్వని మనిషి ఇంట్లో ఇంత పచ్చదనం ఉందని మాలో ఎవరికీ తెలియలేదు. ఎర్ర గుర్తు చూసి అందరం బయటినుంచే తిరిగిపోతాం కదా.

కుండీ మూత తీశాడు. మజ్జిగలాంటి బురద. పైన చిన్న చిన్న బుడగలు వస్తున్నాయి. గిన్నెలో చిటికెడు వేశాను. మట్టి అడుక్కి పోయింది. నీళ్లు నీళ్లలా ఉన్నాయి.

"ఎక్కడిది?" అన్నాను.

"మీరు తలుపేసేశారు కదండీ. ఏం చెయ్యాలో తెలక మెట్ట కాళ్లకాడికి నిచ్చెనేసుకుని దిగేనండి. పూర్వం మనోళ్లు దొంగచాటుగా నూనంతా అక్కడే పారబోసేవోరు. అది అట్టలు కట్టుకుపోయి ఉందండి. దాని మీద ఇదే బురద పాకేసి ఉంది, ఎవరూ కలపకుండా, ఎవరూ సూడకుండా. గీక్కుని తెచ్చుకున్నాను."

"ఎవరు పారబోశారు? మా వరసవాళ్లు అలాంటి పనులు చెయ్యరే."

నూకరాజు కొంచెం నసిగాడు. "మీ ఆయనగారు కూడానండి. మేమిద్దరం కలిసే ఎళ్లేవోళ్లం."

చట్టం దాటని మనిషని ఆయన గురించి ఇరవై రెండేళ్లుగా అందరికీ చెబుతూ వచ్చాను. ఆయన పారబోసిన దొంగనూనె మీద బతికిన బురద కోసం నేను గిన్నె పట్టుకుని నిలబడ్డాను. ఆయన ఎక్కడున్నాడో గానీ పొట్ట పట్టుకుని నవ్వుతుంటాడు.

అడగాలి. చివరికి, "ఇవాళ శుక్రవారం" అన్నాను.

నూకరాజుకి నా మాట అందలేదు. నన్నూ గిన్నెనీ మార్చి మార్చి చూశాడు. తర్వాత అర్థమై, గరిటె తీసుకున్నాడు.

"ఇది పెరుగు కాదు కదండీ" అన్నాడు, గిన్నె నింపుతూ.

వెటకారంగా అని ఉంటే తట్టుకునేదాన్ని. మామూలుగా అన్నాడు.

మీటరు 61,346. శనివారం.

వరస మొత్తాన్ని పిలిచి చెప్పాను. జ్వరం వచ్చినప్పుడు కుండీ చచ్చిపోయిందనీ, చచ్చిన సంగతి నేను రెండున్నరేళ్లు చూడలేదనీ చెప్పాను. తొడిమెల సంగతి చెప్పబోతే వరహాలు నా చెయ్యి పట్టుకుని తనే చెప్పింది. చక్రధరం పకపకా నవ్వాడు. వాళ్లావిడ తలవంచుకుంది. పోయిన చలికాలం వాళ్లింట్లో బురద పలచబడితే ఆవిడా తొడిమెలే వేసిందట. ఆవిడ ఒప్పుకుంటే ఇంకో ఇద్దరు ఒప్పుకున్నారు. ఒకావిడ నిమ్మకాయ పిండిందట. వంటింట్లో నేర్చిన విద్య ఎక్కడికి పోతుంది?

తర్వాత అసలు సంగతి చెప్పాను. నూకరాజు బురద తెచ్చి అన్ని కుండీల్లోనూ కలిపితే, నెల రోజుల్లో మడులు కాస్త పచ్చబడొచ్చు. కానీ బురద పలచగా ఉంటుంది. కొలబద్ద వచ్చి ఇంటింటికీ ఎర్ర గుర్తు వేస్తాడు. పైగా ఎర్ర గుర్తు ఇంటి బురద తీసుకోవడం చట్టరీత్యా తప్పు. గంజి బురద ఉంచుకుంటే తలుపులు శుభ్రంగా ఉంటాయి, వరస ఖాళీ అవుతుంది.

సుభాషిణి కుక్కని చంకనేసుకుని ఉంది. "తలుపు ఉంటే కదండీ గుర్తెయ్యడానికి" అని, కుండీ కడగడానికి వెళ్లింది. మిగతావాళ్లు ఆవిడ వెనకే వెళ్లారు. ముప్ఫై ఏళ్లలో ఆవిడ నాకంటే ముందు అర్థం చేసుకున్న సంగతి ఇదొక్కటే. అది రాసిపెట్టకపోతే అన్యాయం.

తల్లికుండీ నేనే కడిగాను. అడుగున మిరప తొడిమెలు గుప్పెడు దొరికాయి, చెక్కుచెదరకుండా ఉన్నాయి.

మీటరు 61,498. గురువారం.

రెండు వందల యాభై గంటలకి మార్చాల్సిన నూనె రెండు గంటలు ముందే మార్చాను. వేడిగా ఉండగానే. సుభాషిణి కూడా వేడిగా ఉండగానే మార్చింది. చెయ్యి కాల్చుకుంది. పసుపు తీసుకెళ్లి రాశాను, రాస్తూ తిట్టాను.

గిన్నె పరీక్ష ఇంటింటికీ రోజూ చేస్తున్నాం. తొమ్మిదో రోజుకి రంగులు సన్నబడ్డాయి. పదమూడో రోజుకి పోయాయి. నూకరాజు తన బకెట్లలో మన్ను సగం తెచ్చి మడుల మీద చల్లాడు. వద్దంటే వినలేదు. అందులోనే విత్తనాలు వేశాం. ఇవాళ్టికి వేలెడు మొలకలు.

వరహాలు రోజుకి మూడుసార్లు కుండీ కలుపుతోంది. కలిపినప్పుడల్లా వచ్చి "కలిపాను" అని చెబుతోంది. చెప్పక్కర్లేదే అన్నాను. చెప్పడం మానలేదు.

మీటరు 61,586. సోమవారం.

కొలబద్ద వచ్చాడు. ఉతికిన చొక్కా, చంకలో ఫారాలు, చేతిలో బద్ద.

ముందు మడులు చూశాడు. తోటకూర జానెడు ఎత్తు, పచ్చగా. "బాగున్నాయి" అని రాసుకున్నాడు. తర్వాత ఇంటింటికీ వెళ్లి బద్ద ముంచాడు. మొదటింట్లో నాలుగు లెక్కపెట్టేసరికి బురద కారిపోయింది. రెండో ఇంట్లో మూడు. మా తల్లికుండీ దగ్గర ఒకటి అనేలోపే కారింది. "ఏంటండీ ఇది, మీరు కూడానా" అన్నాడు. ఆ మాట మా వరసలో ఇంతకు ముందు చాలామందితో నేనే అన్నాను.

తెల్ల గిన్నెలో నీళ్లు పోసి, చిటికెడు బురద వేసి ఆయన ముందు పెట్టాను. రంగు తేలలేదు. ఆ పక్కనే దాచి ఉంచిన పాత గంజిబురద ఇంకో గిన్నెలో వేశాను. రంగులు అంచుదాకా పాకాయి. రెండు గిన్నెలూ చూశాడు. బద్ద గంజిబురదలో ముంచి పది లెక్కపెట్టాడు. చుక్క కారలేదు.

"ఇది పాసండీ" అన్నాడు, గంజి చూపించి.

"దీనివల్లే మడులు చచ్చాయి."

"కావచ్చండి. ఫారంలో గిన్నె లేదండి" అన్నాడు. గొంతు తగ్గించి, "నేనేం చేసేదండీ" అన్నాడు.

ఎప్పుడూ లేనిది ఆయన మీద జాలేసింది. చేతిలో బద్ద ఉన్నవాడు ముంచక ఏం చేస్తాడు? నేను ముప్ఫై ఏళ్లు శుక్రవారాలు లెక్కపెట్టలేదూ.

ఆయన రాసిన కాగితం ఇక్కడ అంటించాను. "మూడో వరస: మడులు సంతృప్తికరం. వరస కొనసాగవచ్చు. కుండీలు పన్నెండుకు పన్నెండు విఫలం." రెండు మాటలూ ఒకే చేత్తో, ఒకే సిరాతో రాసి సంతకం పెట్టాడు. పెద్దమెట్టలో ఇది చదివేవాడికి ఏమీ తేడాగా అనిపించదు.

ఎర్ర రంగు డబ్బా తీశాడు. మా తలుపు ముందు ఆగి, కుంచె పట్టుకుని మొహమాటపడుతుంటే, ఇవ్వమని నేనే తీసుకుని వేశాను. నేను వేసింది ఆయన వేసే గుర్తుకంటే పెద్దది, తిన్ననిది. ఇకనుంచి మాది తోడు ఇల్లు కాదు. మా నుంచి ఎవరూ తోడు తీసుకోకూడదు. వరహాలు గుమ్మంలో నిలబడి చూసి, "వంకరపోయిందక్కా" అంది. పోలేదు.

మీటరు 61,618. శుక్రవారం.

ఇంజన్ నడిచింది. గిన్నెలో రంగు లేదు.

మొదటిసారి తోటకూర కోశాం. ఇంటికి నాలుగేసి కాడలు వచ్చాయి. నూకరాజుకి ఎనిమిది ఇవ్వబోతే ఆరే తీసుకున్నాడు. వరహాలు పప్పులో వేసింది. పప్పులో ఎండుమిరపకాయలు తొడిమెలు తీసి వేశావా అని అడిగాను. గరిటె ఎత్తింది. నవ్వొచ్చింది ఇద్దరికీ, చాలాసేపు నవ్వాం.

దీపం పెట్టి లేస్తుంటే తలుపు చప్పుడైంది. ఐదో వరసావిడ. పేరు కూడా నాకు సరిగ్గా తెలియదు. చేతిలో గిన్నె ఉంది. తలుపు మీది ఎర్ర గుర్తు చూసింది, వెలుగుతున్న దీపం చూసింది, శుక్రవారమని గుర్తొచ్చినట్టుంది, వెనక్కి తిరగబోయింది.

ఆగమన్నాను. గిన్నెకి కూర జిడ్డు ఉంటే, ఇంత బద్ధకమా, కడుక్కుని రాలేవా అని తిట్టి, నేనే కడిగి, నిండా బురద పోసి ఇచ్చాను.